రెండు పరీక్షలు, ఒక కోడికాలు

ఆగుండ్రి! ఆ ప్లేటు జరుపకుండ్రి. ఒక్క మిరపకాయ బజ్జీ మిగిలింది, దాన్ని ముట్టేటందుకు మన ముగ్గుర్ల ఒక్కనికి ధైర్యం లేదు. "నువ్వు తిను యాదగిరీ" అంటె "లే లే, నర్సిమ్లు తింటడు" అంటవు. నర్సిమ్లేమో ప్లేటు నా దిక్కు నూకుతడు. గిదే! గీ మర్యాదనే నా కొంప ముంచింది.

మీరిద్దరు పట్నంల కాలేజీల చదువవడ్తిరి, నేను పోయినేడు సంది ఇంట్ల బెల్లం పొయ్యి కాడ ఎందుకు కూసున్ననో మీకు ఎవ్వలు చెప్పలేదు గదా. పరీక్ష ఫేలయిన్నని అనుకుంటున్నరు. ఫేలయితె గూడ ఇంత బాధ ఉండకపోతుండె. ఫేలయ్యేటందుకు ముందుగాల రాయాలె గదరా! రెండు పరీక్షలోళ్లు రా రా అని పిలిస్తె ఒక్కటి గూడ రాయకుంట ఇంటికి పోయినోడు ఈ కామారెడ్డి మొత్తంల నేనొక్కన్నే. రెంటికి చెడ్డ రేవడి అంటరు సూడు, ఆ రేవణ్ని మీరు ఎప్పుడు సూడకపోతె ఇగో, సూడుండ్రి.

చాయ్ రానియ్యుండ్రి, చెప్త.

మా బడిల ఆఖరి జమాత్ పోరగాండ్లకు రెండు తొవ్వలు. ఒకటి ఉర్దూల రాసే మెట్రిక్. అది పాసైతె పట్నంల ఉర్దూ కాలేజి, ఎన్కసిరి తాలూకా కచేరీ, అదాలత్, నౌకరి, అన్ని ఆ జబాన్లనే. రెండోది ఇంగ్లీషుల రాసేది. అది పాసైతె ఇంగ్లీషు కాలేజి, కిస్మత్ బాగుంటె మద్రాసు దాంక. రెండు పరీక్షలు ఒక్కటేపారి వస్తయి గన్క ఒక్కని పేరు ఒక్కదానికే పోతది. ఉర్దూ దానికి పేర్లు పంపేది మౌల్వీ సాబ్. ఇంగ్లీషు దానికి పంపేది సామ్యేల్ సార్.

నాకేం గావాలె? కాలువల ఇంజనీరు గావాలె. చిన్నప్పుడు మంజీర మీద కట్ట కడ్తుంటె బాపు నన్ను బండ్ల తీస్కపోయి సూపెట్టిండు. ఒక టోపీ పెట్టుకున్నాయిన మూడు కాళ్ల దుర్బీనుల నుంచి ఒక కన్ను మూసి సూసుకుంట, చెయ్యి ఎత్తి ఇటు అని సూపెడ్తుండె. ఆయన సూపెట్టిన దిక్కే ఎన్కసిరి నీళ్లు వచ్చినయి, మా శెల్కల చెరుకు మొలిచింది. అగో, ఆయన లెక్క కావాలని నేను ఆడ్నే అనుకున్న. ఆ చదువుకు ఈ రెండు పరీక్షల్ల ఏది రాసినా పోవచ్చు. ఏదన్న ఒకటి! గిది యాదికుంచుకోండ్రి, ఎందుకంటె ఇది యాదికొస్తెనే నాకు ఇప్పటికి కడుపుల మంట లేస్తది.

నా మనసు ఉర్దూ దిక్కుండె, నిజం చెప్తున్న. లెక్కలన్ని నేను మౌల్వీ సాబ్ కాడ ఉర్దూల నేర్చుకున్న. ముసల్లస్ అంటె మూడు గీతలు నా కండ్ల ముందల నిలవడ్తయి. ట్రయాంగిల్ అంటె లోపల మల్ల ఒక్కసారి తర్జుమా చేసుకోవాలె. మౌల్వీ సాబ్ కోపిష్టే, లెక్క తప్పితె చెవు మెలిపెడ్తడు. కని లెక్క ఒప్పైతె "షాబాష్ మేరే షేర్" అంటడు, ఆ దినం బువ్వ గూడ అక్కెరలేదు.

సామ్యేల్ సార్ తీరు వేరు. మెదక్ దిక్కు నుంచి వచ్చిండు, మెల్లగ మాట్లాడ్తడు. మాపటీలి ఇంటికి పిలిచి ఉత్త పుణ్యానికి ఇంగ్లీషు చెప్పెటోడు. వాళ్ల అమ్మగారు గిన్నెల ఉడుకవెట్టిన శెనిగ గుడాలు పెట్టి "తిన్నంకనే చదువు, బిడ్డా" అంటుండె. ఆయన కాడ ఇంగ్లీషు పరీక్షకు పోయెటోళ్లు కొంతమందే. "రాజిరెడ్డీ, నువ్వుంటె నాకు ధైర్యం" అన్నడు ఒక దినం. గట్ల అన్న మనిషికి ఎట్ల చెప్పాలె, సార్ నేను ఉర్దూ దానికి పోత అని? మీరైతె చెప్తురా? చెప్పరు. బజ్జీ తినెటందుకే మీతోటి అయితలేదు.

ఇగ మౌల్వీ సాబ్ అడిగిండు. "బేటా, నీ పేరు రాస్తున్న. ఠీక్?" నేను "జీ సాబ్" అన్న. మాపటికి సామ్యేల్ సార్ అడిగిండు. "నీ పేరు పెట్టాల్నా?" నేను "సరే సార్" అన్న. మనసుల ఏమనుకున్ననంటె, తారీఖు ఇంక దూరముంది, అంతల్నె ఏదో ఒకటి అయితది. అగో, ఆ "ఏదో ఒకటి అయితది" అనే మాట ఉన్నది సూడు, అది అస్సలైన గాడిది మాట.

అక్కడ్నే ఆగినా బాగుండు. ఇద్దరికి ఎన్కకెల్లి ఇంకో మాట గూడ అన్న. "మా ఇంటికి ఒకసారి రాండ్రి, బాపు సంబురపడ్తడు." మన దిక్కు ముచ్చటంటేనే ఆఖరికి "ఇంటికి రాండ్రి" అనాలె, లేకుంటె ముచ్చట పూరా కాదు. పిలిచినమని ఎవ్వలన్న వస్తరా?

వచ్చిన్రు రా! ఇద్దరు! ఒక్కటే దినం!

శుక్రారం, జుమ్మా సెలవు. బడి ఆ ఒక్క దినమే బందుంటది గన్క ఇద్దరికి అదే దొరికింది. మౌల్వీ సాబ్ నమాజు చేసుకొని బైలెల్లిండు, సామ్యేల్ సార్ బువ్వ తినకుంటనే బైలెల్లిండు. ఇద్దరు ఎల్లారెడ్డి మోటరుల పక్కపక్కన కూసున్నరు. యాడికి అని ఒకర్నొకరు అడుగలే. అడుగుడు తప్పు గదా! మా ఊరి తొవ్వ కాడ ఇద్దరు దిగిన్రు. "మీరు ఇటేనా?" "జీ, ఇటే." "నేను గూడ ఇటే." చెరుకు తోటల నడుమ ఇద్దరు చెత్రీలు పట్టుకొని ఒకని ఎన్క ఒకడు వస్తుంటె దూరం నుంచి నేను సూసిన. నా చేతులకు మోచేతుల దాంక పాకం అంటుకొని ఉన్నది. బనీను లేదు. నెత్తికి తువాల. బెల్లం పొయ్యి ఎన్కకు పోయి దాసుకుందామంటె పొగ ఊపిరాడనియ్యదు. దగ్గుకుంట బైటికి వచ్చి రెండు చేతులు కలిపి దండం పెట్టిన. చేతులు రెండు గట్లనే అతుక్కపోయినయి, మల్ల ఇడిపోతలేవు!

బాపుకు సంబురం ఆగుతలేదు. ఒక్క సారు వస్తెనే గొప్ప, ఇద్దరొచ్చిన్రు. అవ్వను పిలిచి కోడిని పట్టమన్నడు. మా ఊర్ల ఖాసిం చిచ్చా వచ్చి బిస్మిల్లా అని కోసిపోయిండు. అవ్వ పులుసు పెట్టింది, జొన్న రొట్టెలు చేసింది. ఇద్దరిని మంచం మీద కూసోవెట్టి బాపు గుండె నిండ ఊపిరి పీల్చుకొని షురూ చేసిండు.

"మౌల్వీ సాబ్, మా రాజిగాడు మీ ఉర్దూ పరీక్షకే పోతడట. నాకు అదాలత్ల భూమి ముకద్మా నడుస్తుంది, ఇంట్ల ఒక్కడన్న కాయితం చదివెటోడు కావాలె. మీ కాళ్ల కాడ ఏసిన."

సామ్యేల్ సార్ రొట్టె తునుకుడు ఆపిండు. నేను గోడ దిక్కు సూసిన. గోడ మీద బల్లి గూడ నా దిక్కు సూడకుంట పోయింది.

"అట్లనా?" అన్నడు సామ్యేల్ సార్ మెల్లగ. "మంచిదే. నాతోటి ఇంగ్లీషుకు అన్నడు. నేనే సరిగ ఇనలేదో ఏమో."

ఇన్నడు. మంచిగనే ఇన్నడు. నన్ను కాపాడెటందుకు అట్ల అన్నడు.

మౌల్వీ సాబ్ మొకం జర ఎర్రగయింది.  తర్వాత గడ్డం నిమురుకొని, "అచ్ఛా అచ్ఛా. మాస్టర్ సాబ్‌కు మాటిచ్చినంక నాదేముంది? పిలగాడు మీవాడే. మీరే తీస్కోండ్రి" అన్నడు.

"లేదు లేదు మౌల్వీ సాబ్. చిన్నప్పటి సంది మీరు చదువు చెప్పిన్రు. హక్కు మీది."

"నహీ నహీ, మీరు పరాయి ఊరు నుంచి వచ్చిన్రు, మా మెహమాను లెక్క. ముందు మీరు."

"పెద్దోళ్లు మీరుండంగ నేనెట్ల?"

గీ ముచ్చట నడుస్తుండంగనే అవ్వ గిన్నె తెచ్చి నడుమ పెట్టింది. అందుల ఒక్క కోడికాలు మిగిలింది. మౌల్వీ సాబ్ గిన్నెను సార్ దిక్కు జరిపిండు. సార్ మౌల్వీ సాబ్ దిక్కు జరిపిండు. "మీరు తీస్కోండ్రి." "తోబా, మీరు తీస్కోండ్రి." గిన్నె అటు పోతది, ఇటు వస్తది, దాంట్ల కాలు ఊగుతది. ఆఖరికి ఇద్దరు చేతులు కడుక్కున్నరు. మా ఇంటి పిల్లి మంచం కిందికెల్లి వచ్చి ఆ కాలును నోట కరుచుకొని దూకి పోయింది. నాకు నవ్వాగలే. దర్వాజ ఎన్కకు పోయి తువాల నోట్ల కుక్కుకొని నవ్విన. నవ్విన రా! నా బతుకు ఆ గిన్నెలనే ఉన్నదని ఆ పొద్దు నాకు సోయి లేదు.

పోయేముందు ఇద్దరు ఒక్కటే మాట అడిగిన్రు. మౌల్వీ సాబ్ నన్ను దగ్గరికి పిలిచి నెత్తి మీద చెయ్యేసిండు. "బేటా, దిల్ ఖోల్ కర్ బోలో. నీకేది ఇష్టం? ఏదన్నా మాకు నారాజ్ లేదు." సామ్యేల్ సార్ గూడ "చెప్పయ్యా, నీ నోటితోటి చెప్పు" అన్నడు. బాపు నా దిక్కు సూస్తున్నడు. అవ్వ దర్వాజ కాడికెల్లి సూస్తుంది.

ఒక్క మాట. ఉర్దూ అంటె అయిపోతుండె. ఇంగ్లీషు అన్నా అయిపోతుండె. నా నాలుక మీదికి ఉర్దూ అనే మాట వచ్చింది, అంతల్నే సామ్యేల్ సారోళ్ల గుడాల గిన్నె కండ్ల ముందల ఆడింది. ఇగ నేను తల ఒంచుకొని ఏమన్ననో ఎర్కనా?

"మీరెట్లంటె అట్ల సార్. మీ ఇష్టం."

బాపు ఛాతి ఉబ్బిపోయింది. "సూసిన్రా! పెద్దలంటె ఎంత అదబ్!" మౌల్వీ సాబ్ మాషా అల్లా అన్నడు. అందరు నన్ను మెచ్చుకున్నరు. నా జిందగీల నాకు అంత పేరు మల్ల రాలే. ఇద్దరికి చెరో బెల్లం ముద్ద కట్టిచ్చి మోటరు ఎక్కించిన.

ఆ తర్వాత నేనేం చెయ్యాలె? బడికి పోయి "సార్, నా పేరు ఎవరు పంపిన్రు?" అని అడుగాలె. అడుగలే. మౌల్వీ సాబ్‌ను అడిగితె, నా మీద భరోసా లేదా బేటా అంటడేమో. సార్‌ను అడిగితె, ఆయన పంపకపోతె చిన్నబోతడేమో. ఎవరో ఒకరు పంపే ఉంటరు, ఏదొచ్చినా రాస్త అని రెండింటికి చదివిన. రెండింటికి! పొద్దుగాల ముసల్లస్, మాపటికి ట్రయాంగిల్. కండ్లు గుంతలు పడ్డయి. అవ్వ నెత్తికి నూనె పెట్టి పెట్టి గురిగి ఖాళీ చేసింది.

హాల్ టికెట్లు ఇచ్చే దినం వచ్చింది. వరండా ఆ కొసకు మౌల్వీ సాబ్ కమ్రా, ఈ కొసకు సామ్యేల్ సార్ కమ్రా. నేను ముందుగాల మౌల్వీ సాబ్ కాడ నిలవడ్డ. అందరి పేర్లు పిలిచిండు, నాది రాలే. నన్ను సూసి నవ్విండు. "అరె రాజిరెడ్డి, ఇక్కడెందుకు? మాస్టర్ సాబ్ కాడికి పో. ముబారక్!"

ఓహో, ఇంగ్లీషన్న మాట. మంచిదే, అనుకొని ఈ కొసకు ఉరికిన. సామ్యేల్ సార్ బల్ల సదురుకుంటున్నడు. నన్ను సూసి చెయ్యి పట్టుకొని ఊపిండు. "బాగా రాయాలె రాజిరెడ్డీ. నా పేరు కాదు, మౌల్వీ సాబ్ పేరు నిలబెట్టాలె!"

నేను బల్ల మీది కాయితాల దిక్కు సూసిన. "సార్, నా టికెట్..."

"మౌల్వీ సాబ్ కాడ ఉంటది గదయ్యా."

మల్ల ఆ కొసకు ఉరికిన. మల్ల ఈ కొసకు. వరండల పోరగాండ్లు నవ్వవట్టిన్రు, ఈనికి ఏం పుట్టింది అని. ఆఖరికి నడిమిట్ల నిలవడి గట్టిగ అరిచిన, "ఎవ్వల కాడ లేదు సార్!" జిందగీల మొదటిసారి పెద్దల ముందల గొంతు లేపిన. లేపాల్సినప్పుడు లేపలే.

ఇద్దరు బైటికి వచ్చిన్రు. ఒకరి మొకం ఒకరు సూసుకున్నరు. అప్పుడు సమజైంది. ఆయన పెద్దాయన, పోనీ అని సార్ నా పేరు పంపలే. ఆయన మెహమాను, పోనీ అని మౌల్వీ సాబ్ పంపలే. పంపలేదని ఒకరికొకరు చెప్పుకోలే గూడ. చెప్పుకుంటె మేలు చేసిన్నని ఎహసాన్ సూపెట్టినట్టు అయితది గదా!

ఇగ షురూ అయింది. "కసూర్ నాది మాస్టర్ సాబ్." "లేదు మౌల్వీ సాబ్, తప్పు నాది." "ఖుదా కసమ్, నాది." "మీరట్ల అనొద్దు, పూరా నాదే." అరె నాయనా! తప్పును గూడ ఒకరి దిక్కు ఒకరు జరుపుకుంటున్నరు! నేను నడుమ ఆ గిన్నె లెక్క నిలవడ్డ.

పాపం, ఊకోలే ఇద్దరు. మౌల్వీ సాబ్ ఉన్నపలంగ రైలెక్కి పట్నం పోయిండు. సామ్యేల్ సార్ ఎవరెవరికో టెలిగ్రాం తార్లు కొట్టిండు. తారీఖు దాటింది, కాదు అన్నరంట. మౌల్వీ సాబ్ మల్లొచ్చి నా ముందల నిలవడితె ఆయన కండ్లల్ల నీళ్లున్నయి. నా చెవు మెలిపెట్టినా బాగుండు. సామ్యేల్ సార్ ఒక్కటే మాట అన్నడు. "నువ్వు ఉర్దూ అని ఒక్క మాట అంటె నేను ఏమనుకుందునయ్యా? సంబురపడి మౌల్వీ సాబ్ కాడికి పంపుదును గదా." అది ఇన్నంక నాకు మూడు దినాలు బువ్వ సయించలే. మర్యాద అని నేను అనుకున్నది ఆ మనిషికి ఎంత బాధ పెట్టిందో సూడుండ్రి.

ఇంటికి పోయి చెప్తె బాపు లేచిండు. ముకద్మా కాయితాలు దస్తీల కట్టి మల్ల దూలానికి పెట్టిండు. అవ్వనే అన్నది, "అడుగంది అవ్వన్న పెట్టదు రా కొడుకా. నీకు నోరిచ్చిన దేవుడు దాన్ని బువ్వ తినెటందుకే ఇచ్చిండా?"  పోయి పొయ్యిల మొద్దు ఎగదోసిన.

ఇయ్యాల కామారెడ్డికి ఎందుకొచ్చిన్ననుకుంటున్నరు? బెల్లం అమ్మెటందుకు కాదు. ఈ సాలు పేర్లు పంపే ఆఖరి దినం ఇయ్యాల్నే. పొద్దుగాల వచ్చి బడి గేటు దాంక పోయిన. లోపల ఇద్దరు వరండల నిలవడి మాట్లాడ్తున్నరు. ఇద్దరి ముందల ఎట్ల చెప్పాలె, ఒకరు లోపలికి పోనీ అని మర్లొచ్చిన. మల్ల పోయిన, మల్ల మర్లొచ్చిన. గిప్పుడు ఈ హోటల్ల కూసొని మీకు చెప్తున్న. మీకు చెప్పుడు సులువు. ఈసారి గూడ పోకపోతె ఇగ బాపు నన్ను చదువుకు పంపడు, పెండ్లి చేసి గానుగకు కట్టేస్తడు. ఎడ్లు రెండున్నయి, మూడోది నేను.

ఇగ కాదు. పోత. గడపల కాలు పెట్టంగనే చెప్త, సలాం చెయ్యకముందే. "సాబ్, ఉర్దూ. సార్, మాఫ్ చెయ్యుండ్రి, ఉర్దూ." గంతే. బడి బందయ్యే యాళ్లయితుంది. ఈ బజ్జీ ఒక్కటి తిని ధైర్యం తెచ్చుకొని...

అగో! బజ్జీ ఏదిరా?

యాదగిరీ! దవుడ ఆడుతుందేంది? నోరు తెరువు. తినేసినవా! నేను ఇంతసేపు నెత్తినోరు కొట్టుకొని చెప్పింది ఏంది, నువ్వు చేసింది ఏంది? "నువ్వు ముచ్చట్ల పడితివి, సల్లారిపోతదని తిన్న" అంటవా? శెభాష్ రా. అడుగలే, ఆగలే, తిన్నవు. అందుకే నువ్వు కాలేజీల ఉన్నవు.

లేస్తున్న నేను. ఏమంటున్నవు నర్సిమ్లూ? తోడు రమ్మంటవా అంటున్నవా?

నీ ఇష్టం...

థూ! మల్ల అదే మాట నోట్లకెల్లి వచ్చే! లేరా, రా నాతోటి! గట్టిగ చెయ్యి పట్టుకో, గేటు కాడ నేను ఎన్కకు మర్రితె లోపలికి నూకు!